సౌరవిద్యుత్తు చౌక అయినా బిల్లు ఎందుకు తగ్గదు, బొగ్గు ఎందుకు ఆగదు?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. సౌరవిద్యుత్తు యూనిట్ రెండున్నర రూపాయలకే దొరుకుతోందని, దేశంలోని విద్యుత్ కేంద్రాల సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసులతో పనిలేనిదే అయిందని పత్రికల్లో చదివారు. అలాంటప్పుడు బొగ్గు తవ్వకం ఏటేటా ఎందుకు పెరుగుతోంది, మీ రైస్ మిల్లు బిల్లు ఎందుకు తగ్గడం లేదు, దేశ ఇంధన విధానం దారి తప్పినట్టా, మిల్లు కప్పు మీద సౌర పలకలు పెట్టించుకుంటే మీకైనా కలిసి వస్తుందా అని అడిగారు. ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం లోడ్ డిస్పాచ్ కేంద్రంలో, అంటే ఏ కేంద్రం ఎప్పుడు ఎంత ఉత్పత్తి చేయాలో నిమిషనిమిషానికీ చెప్పే గదిలో గడిపినవాడిని కనుక అక్కడి నుంచి కనిపించినట్టే జవాబు చెబుతాను. విధానం దారి తప్పిందని నేను అనను. అయితే అది ఇన్నేళ్లూ మెగావాట్లను లెక్కపెట్టింది, గంటలను లెక్కపెట్టలేదు. మీరు అడిగిన ప్రశ్నలన్నీ తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి.

మెగావాట్ల సంగతి ముందు చూద్దాం. 2015లో పారిస్ ఒప్పందానికి ముందు మన దేశం 2030 నాటికి స్థాపిత సామర్థ్యంలో 40 శాతం శిలాజేతర వనరులది, అంటే బొగ్గు, గ్యాసు, చమురు కానివాటిది, ఉంటుందని మాట ఇచ్చింది. 2022 ఆగస్టులో ఆ మాటను 50 శాతానికి పెంచింది. 2025 మధ్యకల్లా, అంటే గడువుకు అయిదేళ్ల ముందే, దాన్ని చేరుకుంది. ఇది చిన్న విషయం కాదు. కానీ సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. మీ మిల్లు గంటకు ఎన్ని బస్తాల ధాన్యం ఆడగలదన్నది ఒక లెక్క, ఏడాదిలో నిజంగా ఎన్ని బస్తాలు ఆడిందన్నది మరో లెక్క. పంట కోతలు లేని నెలల్లో యంత్రం అక్కడే ఉంటుంది, బియ్యం మాత్రం రావు. సౌర ఫలకాలకు ప్రతి రాత్రీ కోతలు లేని కాలమే. మంచి ఎండ కాసే చోట పెట్టిన వెయ్యి మెగావాట్ల సౌర కేంద్రం ఏడాది సగటున 250 మెగావాట్లు నిరంతరం నడిచినంత విద్యుత్తు ఇస్తుంది. వెయ్యి మెగావాట్ల బొగ్గు కేంద్రం బాగా నడిస్తే దానికి రెండున్నర రెట్లకు మించి ఇస్తుంది. అందుకే సామర్థ్యంలో బొగ్గు వాటా సగం కంటే తగ్గిపోయినా, 2023-24లో మనం వాడుకున్న విద్యుత్తులో ముప్పావు వంతుకు దగ్గరగా బొగ్గు నుంచే వచ్చింది. పైగా వాడకం కూడా ఆగి ఉండటం లేదు. 2024 మే 30న దేశమంతటి గరిష్ఠ డిమాండు రెండున్నర లక్షల మెగావాట్లకు చేరింది. సౌర, పవన విద్యుత్తులు ఎంత వేగంగా పెరిగినా వాటిలో అధిక భాగం పెరిగిన అవసరానికే సరిపోయింది తప్ప, పాత బొగ్గును పక్కకు నెట్టేంతగా మిగల్లేదు. 2024-25లో బొగ్గు ఉత్పత్తి వంద కోట్ల టన్నులు దాటిందంటే కారణం ఇదే.

ఇక గంటల సంగతి. విద్యుత్ వ్యవస్థలో ఏ క్షణానికి ఎంత వాడితే ఆ క్షణంలో అంతే ఉత్పత్తి కావాలి. ఆ తూకాన్ని చూపించే ముల్లు ఫ్రీక్వెన్సీ. అది 50 హెర్ట్జ్ దగ్గర, ఇప్పటి నిబంధనల ప్రకారం 49.90కీ 50.05కీ మధ్య, నిలబడాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో దక్షిణ గ్రిడ్‌లో ముల్లు 48.5 కిందికి జారిన రోజులు ఎన్నో చూశాను; ఇళ్లలో ఫ్యాన్లు నీరసంగా తిరిగేవి, పొలాల్లో మోటార్లు కాలిపోయేవి. 2003 జనవరిలో ఫ్రీక్వెన్సీని బట్టి ధర మారే ఏబీటీ పద్ధతి దక్షిణాదికి వచ్చాక ఆ జబ్బు చాలావరకు నయమైంది. 2013 డిసెంబరు 31న రాయచూరు - షోలాపూర్ లైనుతో దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. ఆ రోజుల్లో మా భయమంతా కొరత గురించే, అదీ పొద్దున్నా సాయంత్రమూ. ఇప్పుడు ఆ గదిలో కూర్చున్నవాళ్లకు భయం రెండు రకాలు: మధ్యాహ్నం మిగులు, సాయంత్రం కొరత. ఈ రెంటికీ మధ్య నాలుగు గంటలే తేడా.

ఎండ బాగా ఉన్న ఒక మార్చి రోజును ఊహించుకోండి. పన్నెండింటికి సౌరవిద్యుత్తు వెల్లువలా వస్తుంది. విద్యుత్తును రోజువారీ కొని అమ్మే ఎక్స్చేంజీలో యూనిట్ ధర దాదాపు సున్నాకు పడిపోయిన మధ్యాహ్నాలు ఇటీవల వచ్చాయి. నాలుగు గంటలకు ఎండ వాలడం మొదలవుతుంది, ఏడింటికల్లా ఆ ఉత్పత్తి పూర్తిగా పోతుంది. సరిగ్గా అప్పుడే ఇళ్లలో దీపాలు, వంట, ఏసీలు మొదలవుతాయి. ఈ రెండు మూడు గంటల్లో ఒక్కో రాష్ట్రంలోనే వేల మెగావాట్లను ఎక్కడి నుంచో తెచ్చి నింపాలి. ఎక్కడి నుంచి తేవాలి? శ్రీశైలం, నాగార్జునసాగర్ జలవిద్యుత్తు అందుకు అచ్చంగా సరిపోతుంది, నిమిషాల్లో లేస్తుంది. కానీ ఆ నీటి మీద ముందు హక్కు తాగునీటికి, సాగునీటికి ఉంది, రెండు రాష్ట్రాల మధ్య పేచీ ఉండనే ఉంది. గ్యాసు కేంద్రాలు కూడా వేగంగా లేస్తాయి. కానీ కృష్ణా - గోదావరి బేసిన్ గ్యాసును నమ్ముకుని గోదావరి జిల్లాల్లో కట్టిన కేంద్రాలు ఆ గ్యాసు అడుగంటిన తరువాత ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్నాయి. చివరికి మిగిలేది బొగ్గే. బొగ్గు బాయిలరు వీధి దీపం కాదు, మధ్యాహ్నం ఆర్పి సాయంత్రం వెలిగించుకోవడానికి. చల్లారితే మళ్లీ పూర్తి స్థాయికి రావడానికి చాలా గంటలు పడుతుంది, ప్రతి చల్లార్పుకూ గొట్టాలు అలసిపోతాయి. అందుచేత మధ్యాహ్నం దాన్ని కనిష్ఠ స్థాయికి, అంటే సామర్థ్యంలో సుమారు 55 శాతానికి దించి, మండుతూనే ఉంచుతారు. మధ్యాహ్నం బొగ్గు కాలుతున్నది మధ్యాహ్నం కోసం కాదు, సాయంత్రం ఏడు గంటల కోసం.

మీ బిల్లు మర్మం కూడా ఇక్కడే ఉంది. డిస్కం, అంటే మీకు విద్యుత్తు పంపిణీ చేసి బిల్లు పంపే సంస్థ, ఒక బొగ్గు కేంద్రంతో ఒప్పందం చేసుకున్నప్పుడు ఇచ్చే ధరలో రెండు భాగాలు ఉంటాయి. కేంద్రాన్ని కట్టడానికి చేసిన అప్పు, వడ్డీ, జీతాల వంటివి స్థిర చార్జీ. కాల్చిన బొగ్గు ఖర్చు చర చార్జీ. కేంద్రం సిద్ధంగా ఉన్నంతవరకు, విద్యుత్తు తీసుకున్నా తీసుకోకపోయినా స్థిర చార్జీ కట్టి తీరాలి. కేవలం అర్థం కావడానికి ఒక లెక్క వేస్తాను, ఇవి ఏ కేంద్రానికీ చెందిన అంకెలు కావు. స్థిర చార్జీ యూనిట్‌కు 1.80, చర చార్జీ 3.20 అనుకుందాం, మొత్తం 5 రూపాయలు. ఆ యూనిట్ మానేసి 2.50కి సౌర యూనిట్ తీసుకుంటే డిస్కంకు మిగిలింది రెండున్నర రూపాయలు అనిపిస్తుంది. కానీ 1.80 ఎలాగూ కట్టాలి కాబట్టి అసలు ఖర్చు 4.30, మిగిలింది 70 పైసలే. ఇప్పుడు గని అంచునే ఉన్న, బొగ్గు రవాణా ఖర్చు లేని కేంద్రాన్ని తీసుకోండి; దాని చర చార్జీ 2.20 అనుకుంటే, దాన్ని తగ్గించి సౌరవిద్యుత్తు తీసుకున్న ప్రతి యూనిట్‌కూ డిస్కంకు 30 పైసలు ఎదురు ఖర్చు. వందల కిలోమీటర్ల దూరం నుంచి రైల్లో బొగ్గు తెచ్చుకునే కేంద్రాన్ని తగ్గిస్తే లాభం, గని పక్క కేంద్రాన్ని తగ్గిస్తే నష్టం. వేలంలో వచ్చిన 2.50 అనే అంకె ఫలకం దగ్గరి ధర. డిస్కంకు పడే ధర ఆ యూనిట్ ఏ గంటలో వచ్చింది, దేన్ని తప్పించింది అన్నదాన్ని బట్టి మారుతుంది. పత్రికల్లో మొదటి అంకె వస్తుంది, మీ బిల్లులోకి రెండోది వస్తుంది.

దీనికి పాత ఒప్పందాల బరువు తోడవుతుంది. 2010 జనవరిలో జాతీయ సౌర మిషన్ మొదలైనప్పుడు తొలి వేలాల్లో యూనిట్ ధర 12 రూపాయల పరిసరాల్లో ఉండేది. 2015 చివర కర్నూలు సౌర పార్కుకు 4.63 వస్తే అందరూ ఆశ్చర్యపోయారు. 2017లో కడపకు 3.15, మరి కొన్ని వారాలకే రాజస్థాన్‌లోని భడ్లాకు 2.44, 2020 డిసెంబరులో గుజరాత్‌లో 1.99. ఒప్పందాలేమో పాతికేళ్లవి. అంటే మీరు ఈరోజు కట్టే బిల్లులో 2011 నాటి ధరా ఉంది, 2016 నాటి ధరా ఉంది, నిన్నటి ధరా ఉంది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత పవన, సౌర ఒప్పందాల ధరలను తిరగదోడాలని చూసింది. వ్యవహారం హైకోర్టుకు వెళ్లి, 2022 మార్చిలో ధర్మాసనం ఒప్పందంలోని ధరే చెల్లించాలని తేల్చింది. దీని మీద నా అభిప్రాయం ఇరుపక్షాలకూ నచ్చదు. ధరలు ఏటేటా పడిపోతున్నాయని కళ్ల ముందు కనిపిస్తున్నా వేలం లేకుండా, నిర్ణీత ధరకు వేల మెగావాట్ల పవన విద్యుత్తుకు పాతికేళ్ల సంతకాలు చేయడం తొందరపాటు. చేసిన సంతకాన్ని తరువాత కాదనడం అంతకంటే ఖరీదైన పని. ఎందుకంటే సౌర కేంద్రానికి ఇంధన ఖర్చు లేదు, దాని ధరంతా పెట్టుబడి, వడ్డీలే, అప్పు ఇచ్చేవాడు భయపడి వడ్డీ ఒక శాతం పెంచినా ఆ తరువాత వచ్చే ప్రతి యూనిట్ ధరలో అది కనిపిస్తుంది.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ గంటల లెక్కకు ఒక గొప్ప అవకాశం ఉంది, దాని గురించి కాస్త విపులంగా చెప్పాలి. ఉచిత వ్యవసాయ విద్యుత్తు వెనక పెద్ద చరిత్ర ఉంది. 1998లో సంస్కరణల చట్టం వచ్చి, 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడగొట్టారు. చార్జీల పెంపు మీద రేగిన ఆందోళన 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్ దగ్గర పోలీసు కాల్పులకు దారితీసింది, ప్రాణాలు పోయాయి. 2004 మేలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా తొలి సంతకం చేసింది ఉచిత విద్యుత్తు ఫైలు మీదే. అప్పటి నుంచి ఏ పార్టీ వచ్చినా దాన్ని ముట్టుకోలేదు, ముట్టుకోదు కూడా. ఉచితం మంచిదా చెడ్డదా అన్న వాదన పక్కన పెట్టండి. అది ఎప్పుడు ఇస్తున్నామన్నది వేరే ప్రశ్న, నా దృష్టిలో అదే అసలు ప్రశ్న.

వెనకటి రోజుల్లో ఏడు గంటల సరఫరాను రెండు విడతలు చేసి, ఒక విడతను అర్ధరాత్రి ఇచ్చేవాళ్లం. ఇచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ని. గ్రిడ్ వైపు నుంచి చూస్తే అది తెలివైన పని, ఎందుకంటే రాత్రిపూట బొగ్గు కేంద్రాలు ఖాళీగా ఉండేవి. రైతు వైపు నుంచి చూస్తే అది టార్చిలైటు పట్టుకుని పాముల మధ్య బోరు దగ్గరకు నడవడం, తడి చేతులతో స్టార్టరు ముట్టుకోవడం. ఆ బాధ పడలేకే మోటార్లకు ఆటోమేటిక్ స్టార్టర్లు బిగించుకున్నారు. కరెంటు రాగానే ఊళ్లోని మోటార్లన్నీ ఒకేసారి లేచి ట్రాన్స్‌ఫార్మరు మీద పడేవి, అది కాలిపోతే వారం రోజులు నీళ్లు లేవు. తమ మోటారు ఎంతసేపు తిరిగిందో రైతుకే తెలియని పరిస్థితి, భూగర్భ జలం అలా పోయింది.

సౌరవిద్యుత్తు ఈ లెక్కను తలకిందులు చేసింది. ఇప్పుడు ఖాళీగా ఉన్నది అర్ధరాత్రి కాదు, మధ్యాహ్నం. రెండు రాష్ట్రాల్లో కలిపి నలభై లక్షలకు పైగా వ్యవసాయ మోటార్లు ఉన్నాయి. బోరు నీళ్లు పొద్దున పదింటికి పారినా మూడింటికి పారినా చేనుకు ఒకటే. నీళ్లు చేలో ఉంటే అదే నిల్వ. కోట్ల రూపాయల బ్యాటరీ చేసే పనిలో కొంత భాగాన్ని ఈ మోటార్లు దమ్మిడీ పెట్టుబడి లేకుండా చేసిపెట్టగలవు. పగటిపూట తొమ్మిది గంటలు ఇవ్వాలన్న ఆంధ్రప్రదేశ్ నిర్ణయాన్ని నేను ఈ కారణంతోనే సమర్థిస్తాను. దాని కోసం యూనిట్ 2.49కి 7,000 మెగావాట్లు కొనడానికి చేసుకున్న 2021 ఒప్పందం మీద రేగిన వివాదాలు వేరే సంగతి, సూత్రం మాత్రం సరైనది. తెలంగాణ 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటలూ ఇస్తోంది. రైతుకు స్వేచ్ఛ ఉంది, నిజమే. కానీ ఎప్పుడైనా దొరికేదాన్ని ఎండ ఉన్నప్పుడే వాడమని అడగడానికి ఆ పద్ధతిలో ఏ పట్టూ లేదు. నా మాటకు అధికారం ఉంటే వ్యవసాయ ఫీడర్లను, అంటే సబ్‌స్టేషన్ నుంచి మోటార్లకు వెళ్లే లైన్లను, పూర్తిగా వేరు చేసి, సబ్‌స్టేషన్ పక్కనే చిన్న సౌర కేంద్రం పెట్టి, పగలే సరఫరా ఇస్తాను. 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకంలో ఫీడరు స్థాయి సౌరీకరణకు చోటు ఉంది, నడుస్తున్న వేగమే చాలదు. దూరం నుంచి లైన్లు లాగాల్సిన పని తగ్గుతుంది, లైన్లలో పోయే నష్టమూ తగ్గుతుంది.

మీటర్ల గురించి ఒక్క మాట. మీటరు లేని చోట వ్యవసాయ వాడకం ఎంతన్నది అంచనాయే. అంచనా పెంచి చూపిస్తే దొంగతనాలూ లైన్ నష్టాలూ అందులో కలిసిపోతాయి, డిస్కం అద్దంలో అందంగా కనిపిస్తుంది. కనీసం ఫీడరుకు, ట్రాన్స్‌ఫార్మరుకు నమ్మదగిన మీటరు ఉండాలి. రైతు దగ్గర డబ్బు వసూలు చేయడానికి కాదు, మన లెక్క మనకు తెలియడానికి.

పర్యావరణం సంగతి అడిగారు. బొగ్గుతో తయారైన ఒక్కో యూనిట్‌కు సుమారు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. మన బొగ్గులో బూడిదే చాలా చోట్ల మూడో వంతుకు మించి ఉంటుంది. రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం, పరవాడ చుట్టుపక్కల వేసవి గాలికి బూడిద చెరువుల మీంచి లేచే దుమ్ము ఎలా ఉంటుందో అక్కడివారిని అడగండి. 2015 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం కొత్త ప్రమాణాలు తెచ్చింది: గంధకం పొగను కడిగే ఎఫ్‌జీడీ యంత్రాలు బిగించాలని, కేంద్రాలు యూనిట్‌కు వాడే నీరు పాత కేంద్రాల్లో 3.5 లీటర్లకు మించరాదని. ఎఫ్‌జీడీ గడువు రెండేళ్లన్నది ఏళ్లకు ఏళ్లు సాగి, 2025 జులైలో చాలా కేంద్రాలకు ఆ షరతే తీసేశారు. ప్రధానంగా పెద్ద నగరాలకు దగ్గరగా ఉన్నవాటికే మిగిలింది. మన బొగ్గులో గంధకం తక్కువ, యంత్రాలకు ఖర్చు ఎక్కువ అన్నది ప్రభుత్వ వాదన. గంధకం తక్కువన్న మాట నిజమే. కానీ ఆ పొగ గాలిలో సన్నని రేణువులుగా మారి వందల మైళ్లు పోతుంది కనుక నగరానికి ఎంత దూరమన్న లెక్క నాకు సరైనదిగా తోచదు. పదేళ్లు గడువులు పొడిగించి చివరికి రద్దు చేయడం వల్ల, మొదటే డబ్బు పెట్టి యంత్రం బిగించినవాడు వెర్రివాడయ్యాడు. రేపు ఇంకో ప్రమాణం తెస్తే ఎవడు ముందుకు వస్తాడు?

బొగ్గు మీద సుంకం కథ కూడా ఇలాంటిదే. 2010లో టన్నుకు 50 రూపాయలతో స్వచ్ఛ ఇంధన సుంకం మొదలై, 2016కల్లా 400 అయింది. యూనిట్‌కు పాతిక పైసల పైచిలుకు భారం. ఆ డబ్బు స్వచ్ఛ ఇంధనానికి వెళ్లాలన్నది ఉద్దేశం. 2017లో జీఎస్టీ రావడంతో అది రాష్ట్రాల పరిహారానికి మళ్లిపోయింది. 2025 సెప్టెంబరులో ఆ సుంకం ఎత్తేసి, బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. టన్నుకు ఇంత అన్నది పోయి ధరలో ఇంత శాతం అన్నది వచ్చింది కాబట్టి నాసిరకం చౌక బొగ్గుకు భారం తగ్గింది. డిస్కంలకు కొంత ఊరట, అది కాదనను. కాలుష్యానికి ధర కట్టే ఒకే ఒక్క పనిముట్టును మాత్రం మనం చేజేతులా వదులుకున్నాం.

సౌర, పవన విద్యుత్తులకు పాపం అంటదని కూడా అనుకోవద్దు. పచ్చిక మేసే మందలు కోల్పోయిన భూమి ఎవరి లెక్కలోనూ ఉండదు. కర్నూలు, నంద్యాల ప్రాంతపు గడ్డిభూములను పత్రాల్లో బంజరు అంటారు, గొర్రెల కాపరులు అలా అనరు. ఒకప్పుడు బట్టమేక పక్షికి పేరుపడ్డ రోళ్లపాడు ఆ ప్రాంతంలోదే. రాజస్థాన్‌లో ఆ పక్షి తీగలకు తగిలి చచ్చిపోతోందని 2021లో సుప్రీంకోర్టు లైన్లను భూగర్భంలో వేయమంది, 2024లో ఆ ఆదేశాన్ని సడలించింది.

ఆర్థికం వైపు ఒకటి రెండు విషయాలే చెబుతాను. బొగ్గు ఇంధనం మాత్రమే కాదు, ఒక ఖజానా. రాష్ట్రాలకు రాయల్టీ వస్తుంది, రైల్వేకు సరుకు రవాణాలో అతి పెద్ద రాబడి అదే, ఆ రాబడితోనే మన ప్యాసింజరు టికెట్టు చౌకగా ఉంటోంది. సింగరేణిలో తెలంగాణకు 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నాయి. మందమర్రి నుంచి కొత్తగూడెం దాకా ఊళ్లకు ఊళ్లే ఆ జీతాల మీద లేచాయి. సూర్యుడు రాయల్టీ కట్టడు. సౌర పార్కు కట్టేటప్పుడు వేలమందికి పని, కట్టాక కాపలాకూ కడగడానికీ కొద్దిమందే. బొగ్గు తగ్గే రోజు వస్తే ఆ ఊళ్లకు ఏమిటి దారి అన్నది ఇప్పటి విధాన పత్రాల్లో పేరా దాటి లేదు.

రెండో విషయం డిస్కంలు. ఈ మొత్తం భవనం వాటి భుజాల మీద ఉంది, ఆ భుజాలే బలహీనం. 2002లో ఒకసారి, 2012లో ఒకసారి, 2015లో ఉదయ్ పేరుతో మరోసారి వాటి అప్పుల్ని సర్దారు. అయినా 2024 మార్చి నాటికి దేశంలోని డిస్కంల పేరుకున్న నష్టాలు ఆరున్నర లక్షల కోట్లు దాటి ఉన్నాయి. రైతుకూ చిన్న ఇంటికీ తగ్గించిన ధరలో కొంత ప్రభుత్వం ఇస్తుంది, మిగతాది మీలాంటి మిల్లుల మీద, కర్మాగారాల మీద క్రాస్ సబ్సిడీగా పడుతుంది. భరించలేని పెద్ద కర్మాగారం సొంత సౌర కేంద్రం పెట్టుకునో, ఓపెన్ యాక్సెస్‌లో బయట కొనుక్కునో వెళ్లిపోతుంది. అప్పుడు మిగిలినవాళ్ల మీద భారం ఇంకాస్త పెరుగుతుంది. 2022 చివర్లో వచ్చిన నిబంధనల తరువాత విద్యుత్ కొనుగోలు ఖర్చులో తేడా నెలనెలా సర్దుబాటు చార్జీగా మీ బిల్లులోకి నేరుగా వస్తోంది. ఆ ఏడాది వేసవిలో బొగ్గు కొరత వచ్చినప్పుడు ఎక్స్చేంజీలో యూనిట్‌కు 12 రూపాయల పరిమితి పెట్టాల్సివచ్చింది. ఆ సాయంత్రాల ఖరీదును సర్దుబాటు పేరుతో ఆ తరువాత వినియోగదారుడే మోశాడు.

ఇప్పుడైనా విధానం గంటల వైపు తిరుగుతోందా అంటే తిరుగుతోంది. 2023 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం సవరించిన నిబంధనల ప్రకారం ఎండ ఉన్న గంటల్లో చార్జీ మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలి, గిరాకీ ఎక్కువ ఉన్న గంటల్లో ఎక్కువ ఉండాలి. నిల్వ కూడా అందుబాటులోకి వస్తోంది. 2022లో తొలి పెద్ద బ్యాటరీ వేలంలో మెగావాట్‌కు నెలకు సుమారు 10.8 లక్షలు పలికిన ధర 2025 నాటి వేలాల్లో రెండు లక్షల పరిసరాలకు దిగింది. శ్రీశైలం ఎడమగట్టున ఆరు 150 మెగావాట్ల యూనిట్లు, సాగర్ ప్రధాన కేంద్రంలో ఏడు యూనిట్లు నీటిని వెనక్కి ఎత్తిపోయగలవు, నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గర ఆ పద్ధతిలోనే భారీ కేంద్రం వచ్చింది. ఎత్తిపోతలో నాలుగో వంతు దాకా విద్యుత్తు నష్టమవుతుంది, అయినా మధ్యాహ్నం వృథా అయ్యేదాన్ని సాయంత్రానికి తేవడం లాభమే. నా అంచనాలో వచ్చే పదేళ్లలో కొత్త బొగ్గు కేంద్రం కట్టాలా వద్దా అన్న వాదన కంటే, ఉన్న కేంద్రాలను 40 శాతానికి దించి నడపగలమా అన్నదే ముఖ్యమైన ప్రశ్న అవుతుంది. కొత్త కేంద్రానికి సంతకం చేసిన క్షణం నుంచి పాతికేళ్ల స్థిర చార్జీ మెడకు చుట్టుకుంటుందని పై లెక్కలో చూశారు కదా.

ఇక మీ మిల్లు. పలకలు పెట్టించడానికి ముందు గత పన్నెండు నెలల బిల్లులు పక్కపక్కన పెట్టుకుని మూడు వరసలు విడదీసి చూడండి: యూనిట్లకు కట్టింది ఎంత, కాంట్రాక్టెడ్ లోడుకు, అంటే డిస్కంతో ఒప్పుకున్న గరిష్ఠ లోడుకు, కట్టిన స్థిర చార్జీ ఎంత, సర్దుబాటు చార్జీ ఎంత. పలకలు మొదటిదాన్ని తగ్గిస్తాయి, దానితోపాటు మూడోదాన్ని కూడా యూనిట్ల లెక్కన కొంత తగ్గిస్తాయి, రెండోదాన్ని మాత్రం తగ్గించవు. మీ మిల్లు ఖరీఫ్, రబీ కోతల తరువాత కొన్ని నెలలే గట్టిగా ఆడుతుంది, పలకలు ఏడాదంతా ఉత్పత్తి చేస్తాయి; ఖాళీ నెలల్లో గ్రిడ్‌కు పంపిన యూనిట్లకు మీ డిస్కం నెట్ మీటరింగ్‌లో ఏ ధర కడుతుందో, మిగులును ఎన్ని నెలలు ముందుకు జమ చేసుకోనిస్తుందో రాతపూర్వకంగా తెలుసుకోండి. గుత్తేదారు చూపించే లాభం పట్టిక సాధారణంగా ఏడాది పొడవునా మీరే వాడుకుంటారన్న ఊహ మీద ఉంటుంది. పూర్తి లోడుకు కాకుండా, ఖాళీ నెలల్లో గోడౌను, ఆఫీసు, చిన్న మోటార్ల వాడకానికి కాస్త పైన ఉండేట్టు మొదట తక్కువ సామర్థ్యంతో పెట్టించుకోమని నా సలహా. మీ కేటగిరీకి ఎండ గంటల రాయితీ మీ రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఉత్తర్వులో ఉందో లేదో కూడా చూడండి. ఉంటే కొత్త పలకలు లేకుండానే, పొద్దునే మొదలుపెట్టే మిల్లింగును తొమ్మిది గంటలకు జరిపి సాయంత్రం ఆరులోపు ఆపేస్తే ఎంత తేడా వస్తుందో ఒక నెల రాసి పెట్టుకోండి. ఆ అంకెలు, బిల్లులోని మూడు వరసలు ఇక్కడ పెడితే పలకల సామర్థ్యం ఎంత ఉండాలో లెక్క వేసి చెబుతాను.